నేనే రాశాను, ఇప్పుడెక్కడుందో దొరకదేం?

ఈసారి నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోడు. ఎప్పుడో సోషల్ మీడియాలో తామే రాసుకున్నది ఇప్పుడు కావాలి, వెతికితే కనబడటం లేదు. ఒకరికి పుస్తకం కోసం, ఒకరికి ఉద్యోగం కోసం, ఒకరికి అమ్మ కోసం. అందుకని ఈ వారం వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

*

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాష్టారిని. 2011 నుంచి 2014 దాకా ఫేస్‌బుక్‌లో దాదాపు రోజూ ఒక చిన్న జ్ఞాపకం రాసేవాణ్ణి. వాటిని పుస్తకం వేయిద్దాం తాతయ్యా అని మా మనవరాలు పట్టుబట్టింది. ప్రొఫైల్లో కిందికి జరుపుకుంటూ పోతే 2019 దగ్గరికి వచ్చేసరికి ఫోను బిగుసుకుపోతోంది. మళ్ళీ మొదటి నుంచీ. పైన సెర్చ్‌లో కొడితే ఎవరెవరివో వస్తున్నాయి, నావి రావడం లేదు. అసలవి ఉన్నాయా, పోయాయా?

జవాబు: ఉన్నాయి మాష్టారూ. మీరు తీసేయకుండా, అకౌంటు అదే అయితే ఉన్నట్టే. కంగారు పడకండి.

ముందు ఆ జరపడం మానేయండి. మీరు కిందికి జరిపిన ప్రతి పోస్టూ, దాని ఫొటోలూ ఫోను మోస్తూనే ఉంటుంది. అన్నేళ్ళ బరువు ఎత్తేసరికి దాని పని అయిపోతుంది. పైనున్న సెర్చ్ పెట్టె సంగతి వేరు. అది లోకం మొత్తాన్ని వెతకడానికి పెట్టినది. మీ రాతల కోసం మీ ప్రొఫైల్లోనే మూడు మార్గాలున్నాయి.

మొదటిది ఫిల్టర్. కంప్యూటర్లో మీ ప్రొఫైల్ తెరిచి, పోస్టులు మొదలయ్యేచోట 'ఫిల్టర్స్' అనే బటన్ నొక్కండి. సంవత్సరం, నెల అడుగుతుంది. 2012 జూలై అని ఇస్తే నేరుగా అక్కడ దింపుతుంది. మధ్యలో ఏళ్ళన్నీ దాటాల్సిన పనే లేదు. రెండోది, ప్రొఫైల్లో మూడు చుక్కలు నొక్కితే వచ్చే 'సెర్చ్'. అది మీ ప్రొఫైల్లో మాత్రమే వెతుకుతుంది. మూడోది, అదే మూడు చుక్కల్లో ఉండే 'యాక్టివిటీ లాగ్'. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. మీరు పెట్టిన పోస్టులు, రాసిన కామెంట్లు, కొట్టిన లైకులు అన్నీ తేదీల వారీగా వరసలో ఉంటాయి. గ్రూపుల్లో రాసినవి, స్నేహితుల గోడ మీద రాసినవి మీ ప్రొఫైల్లో ఎంత వెతికినా కనబడవు. ఇందులో కనబడతాయి. మీ జ్ఞాపకాల్లో కొన్ని ఏదైనా సాహిత్య గ్రూపులో రాసి ఉంటే ఇక్కడే పట్టుకోవాలి.

ఒక్కమాట నా అనుభవం నుంచి చెప్తాను. 2012లో మా నాన్నగారు పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. రాత్రిళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుని ఆయన ఆ రోజు ఏం మాట్లాడారో నాలుగు లైన్లు ఫేస్‌బుక్‌లో పెట్టేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత మా చెల్లి అవి కావాలని అడిగింది. 'నాన్న' అని తెలుగులో కొట్టాను. ఒక్కటీ రాలేదు. నాన్న మాటలే పోగొట్టుకున్నానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పాత ఫైళ్ళు తీస్తే డిశ్చార్జి కాగితం దొరికింది. దాని మీద తేదీలున్నాయి. ఆ తేదీలు పట్టుకుని యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్తే పంతొమ్మిది పోస్టులూ వరసగా కూర్చుని ఉన్నాయి. విషయమేమిటంటే అప్పటి నా ఫోనులో తెలుగు కీబోర్డు లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగే. అదీ ఒక రోజు 'నాన్న'లో మూడు ఎన్‌లు, ఇంకో రోజు రెండు, ఒక రోజు 'ఏ' ఒకటి, మరో రోజు రెండు. ఏ మాటతో వెతికితే దొరుకుతాయి?

అందుకే మాష్టారూ, మాట గుర్తున్నా సరే ముందు తేదీ పట్టుకోండి. మన జ్ఞాపకంలో మాట మారిపోతుంది, తేదీకి కాగితాల్లో ఎక్కడో ఒక సాక్ష్యం ఉంటుంది. పెళ్ళిపత్రిక, ప్రయాణం టికెట్టు, రిటైర్మెంట్ ఆర్డరు, ఫొటో వెనక రాసుకున్నది, ఏదో ఒకటి.

మాటతోనే వెతకాల్సి వస్తే మన భాష పెట్టే చిక్కులు కొన్ని మనసులో పెట్టుకోండి. మీరు 'వాన' అనుకుంటారు, అప్పుడు రాసింది 'వర్షంలో' అని అయ్యుంటుంది. మనం విభక్తి తీసుకెళ్ళి మాటకే అతికిస్తాం కాబట్టి 'బడి' అని కొట్టి ఊరుకోకుండా 'బడిలో', 'బడికి', 'స్కూల్లో' అని కూడా కొట్టి చూడాలి. 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో సకారానికీ బకారానికీ మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది పెట్టి రాసిన మాట, పెట్టకుండా రాసిన మాట యంత్రానికి రెండు వేరువేరు మాటలు. నేను పాతికేళ్ళు డీటీపీ చేసినదాన్ని. ఈ గుర్తు వల్ల ఎన్ని ప్రూఫులు తప్పిపోయాయో నాకు తెలుసు. ఇవేవీ లేని మాట, మీరు తప్ప ఇంకొకరు వాడని మాట ఏదైనా గుర్తుంటే దాంతో వెతకండి. మనిషి పేరైతే మరీ మంచిది.

ఇక పుస్తకం కోసమంటున్నారు కాబట్టి ఒక్కో పోస్టూ ఏరుకోవడం మీ వయసులో తగని శ్రమ. మొత్తం ఒకేసారి దింపుకోండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్ళి, 'యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్' అన్నచోట మీ సమాచారం దింపుకునే ఆప్షన్ ఉంటుంది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు సంగతులు జాగ్రత్తగా చూడమనండి. డేట్ రేంజ్ దగ్గర 'ఆల్ టైమ్' పెట్టాలి. పట్టించుకోకుండా వదిలేస్తే కొద్దికాలానివే వచ్చి, పాతవన్నీ పోయాయనుకుని బెంబేలు పడతారు. ఫార్మాట్ దగ్గర హెచ్‌టీఎంఎల్ పెట్టాలి. రెండోది తప్పితే ఏమవుతుందో ఇంకో ఉత్తరం చెప్తుంది. ఫైలు తయారవగానే కబురు వస్తుంది. ఆ లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది కాబట్టి వచ్చిన రోజే దింపుకోండి.

ఫేస్‌బుక్‌లోనే ఉన్న 'మెమరీస్' సంగతి కూడా చెప్పాలి. 2015లో 'ఆన్ దిస్ డే' అని మొదలై, 2018లో 'మెమరీస్' అయింది. ఏ రోజు తెరిస్తే ఆ తేదీన గత సంవత్సరాల్లో రాసినవే చూపిస్తుంది. నాలుగేళ్ళ రాతలూ అలా పూర్తిగా చూడాలంటే ఏడాది పొడుగునా రోజూ తెరవాలి. పుస్తకానికి పనికిరాదు గానీ, పొద్దున్నే కాఫీ వేళకి మీకు బాగుంటుంది.

*

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై తొమ్మిది. కాలేజీ రోజుల్లో ట్విట్టర్‌లో సినిమా అభిమానుల గొడవల్లో తలదూర్చి నోటికొచ్చినట్టు తిట్టాను. వచ్చే నెల ఒక పెద్ద ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. వాళ్ళు అవన్నీ తవ్వుతారేమోనని టెన్షన్. వేలల్లో ఉన్నాయి. కొంతదూరం పోయాక ఇక చూపించడం లేదు. చూపించడం లేదంటే పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. ఇప్పుడు ఎక్స్ అంటున్న ఆ ట్విట్టర్‌లో ప్రొఫైల్ ఎంత జరిపినా ఇటీవలి 3,200 దాకానే కనిపిస్తాయి. వాటికి ముందువి మీ కంటికి కనబడకపోయినా సెర్చ్‌లో ఇతరులకు దొరుకుతాయి. మీరు మర్చిపోయినవే వాళ్ళకి ముందు దొరికే ప్రమాదం ఉంది కాబట్టి మీ టెన్షన్ అర్థమవుతోంది.

ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కిందికి వెళ్ళి మీ పోస్టులను 'ప్రొటెక్ట్' చేసేయండి. అప్పటినుంచీ పాతవీ కొత్తవీ మీ ఫాలోయర్లకు తప్ప బయటివాళ్ళకు కనబడవు. దాంతో మీకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

తర్వాత నిదానంగా వెతకండి. కంప్యూటర్లో ఏదైనా సెర్చ్ చేస్తే, ఫలితాల పక్కన 'అడ్వాన్స్‌డ్ సెర్చ్' కనిపిస్తుంది. అందులో 'ఫ్రమ్ దీజ్ అకౌంట్స్' అన్న గడిలో మీ యూజర్ నేమ్ ఇచ్చి, అడుగున తేదీలు ఇవ్వండి. ఒక్కసారే పదేళ్ళు ఇవ్వకండి, మూడేసి నెలలు తీసుకోండి. మీరు గొడవపడిన సినిమాలు ఏ నెలలో విడుదలయ్యాయో మీకు బాగా గుర్తుంటుంది. ఆ నెలలతో మొదలుపెట్టండి. మంట పెట్టే మాటలు మామూలు పోస్టుల్లో కన్నా రిప్లైల్లో ఎక్కువుంటాయి. ప్రొఫైల్ తెరవగానే కనబడేది పోస్టుల ట్యాబ్, రిప్లైలు దాని పక్క ట్యాబ్‌లో ఉంటాయి. చాలామంది మొదటిదే శుభ్రం చేసి ఊరుకుంటారు. మీరు ఎప్పుడో కొట్టిన లైకుల గురించి మాత్రం భయం వద్దు. 2024 జూన్ నుంచి ఎవరి లైకులు వాళ్ళకే కనిపిస్తున్నాయి.

పూర్తి లెక్క కావాలంటే సెట్టింగ్స్‌లో 'యువర్ అకౌంట్' కింద మీ ఆర్కైవ్, అంటే మీ ట్వీట్లన్నీ ఉండే మూట, అడగండి. ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇంటర్వ్యూకి ముందురోజు అడిగితే లాభం లేదు, ఇవాళే అడగండి. జిప్ ఫైలు విప్పి 'యువర్ ఆర్కైవ్' అన్నదాన్ని బ్రౌజర్లో తెరిస్తే నెట్ లేకపోయినా మీ ట్వీట్లలో వెతుక్కోవచ్చు.

ఇక తీసేయడం. ఎక్స్‌లో తీసేస్తే వెనక్కి తెచ్చుకునే చెత్తబుట్ట లేదు. అందుకని ఆర్కైవ్ చేతికొచ్చాకే డిలీట్ మొదలుపెట్టండి. మొత్తం తుడిచేసే యాప్‌లు వాడాలని రాశారు. మీ అకౌంటు తాళం పరాయివాళ్ళ చేతికిచ్చే ఆ పనికి నేను ఒప్పుకోను. పైగా మీ ఉత్తరంలోనే ఇంకో వాక్యం ఉంది. ఆ రోజుల్లో ఒక క్లాస్‌మేట్ రక్తం కోసం రాత్రంతా ట్వీట్లు పెట్టి మనిషిని వెతికారట. ఆ ట్వీట్లు కూడా అక్కడే ఉన్నాయి. ఒకళ్ళని నొప్పించిన మాటలు తీసేయండి. వాళ్ళు మీకు ఇంకా తెలిసినవాళ్ళే అయితే ఒక మెసేజ్ పెట్టి క్షమించమని అడగండి. మిగతావి ఉండనివ్వండి.

ఫేస్‌బుక్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయేమోనన్నారు. అక్కడ ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' అని ఉంది. అందరికీ కనబడే పాత పోస్టులన్నీ ఒక్క దెబ్బతో స్నేహితులకే పరిమితమవుతాయి. కానీ మళ్ళీ అన్నిటినీ ఒకేసారి పాత స్థితికి తేలేం, ఒక్కొక్కటిగా మార్చుకోవాలి.

*

ప్రశ్న: మీరు పోయినసారి చెప్పినట్టే నా ఫేస్‌బుక్ డేటా దింపుకున్నాను మేడమ్. ఫైలు తెరిస్తే నా తెలుగు ఒక్క ముక్క లేదు. వెనక్కి వాలిన గీత, యు, సున్నాలు, ఇంగ్లీషు 'ఈ', సున్నా, మళ్ళీ గీత, యు, సున్నాలు, బి సున్నా... పేజీలకు పేజీలు ఇదే. నా కవితలన్నీ చెడిపోయాయా?

జవాబు: ఒక్క అక్షరం కూడా చెడిపోలేదు. మీరు ఫార్మాట్ దగ్గర జేసన్ అని ఎంచుకున్నారు. అది ప్రోగ్రాములు చదువుకోవడానికి ఇచ్చే రూపం. మళ్ళీ వెళ్ళి హెచ్‌టీఎంఎల్ అడగండి, మీ కవితలు చక్కగా తెలుగులో వస్తాయి. మీ పని ఇంతటితో అయిపోయింది.

అయినా మీ స్క్రీన్‌షాట్ చూస్తూ కూర్చుండిపోయాను. నా జీవితమంతా అక్షరాలు పేర్చడంతోనే గడిచింది కదా. కంప్యూటర్ యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాన్ని ఒక బైటులో, అంటే దాని జ్ఞాపకంలో ఒక చిన్న గడిలో, తెలుగు అక్షరాన్ని మూడు బైట్లలో దాస్తుంది. ఫేస్‌బుక్ ఇచ్చే జేసన్‌లో ఆ మూడు బైట్లను మూడు వేర్వేరు అక్షరాలుగా విడగొట్టి రాస్తారు. అందుకే ప్రతి తెలుగు అక్షరం 'ఈ సున్నా'తో మొదలవుతుంది. రెండో ముక్క 'బి సున్నా' అయితే అది అచ్చో, హల్లో, దీర్ఘమో, గుడో. 'బి ఒకటి' అయితే గుడిదీర్ఘం నుంచి అవతలున్న గుణింతపు గుర్తులు, పొల్లు. మూడో ముక్కలో అసలు అక్షరం ఉంటుంది. మీ స్క్రీన్‌షాట్‌లో మొదటి మాట 'అమ్మ'. అ, మ, పొల్లు, మళ్ళీ మ, నాలుగు గుర్తులు. ఒక్కోటి మూడు ముక్కలు, ఒక్కో ముక్క రాయడానికి ఆరు అక్షరాలు. రెండక్షరాల అమ్మ ఆ ఫైల్లో 72 అక్షరాల పొడుగుంది. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను, సరిపోయింది.

ఇంట్లో ప్రోగ్రాములు రాసే పిల్లలుంటే, లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి యుటిఎఫ్-8గా డీకోడ్ చేయమని చెప్పండి. రెండు లైన్ల పని. ఆ జేసన్ ఫైలు మాత్రం పారేయకండి.

*

ప్రశ్న: ఆర్కుట్‌లో మా స్నేహితురాళ్ళు రాసిన స్క్రాప్‌లు, టెస్టిమోనియల్స్ ఎక్కడైనా దొరుకుతాయా అక్కా?

జవాబు: ఆర్కుట్‌లో దొరకవు తల్లీ. గూగుల్ వాళ్ళు ఆ సోషల్ సైటును 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. గూగుల్ టేకౌట్ ద్వారా మన డేటా దింపుకోవడానికి 2016 సెప్టెంబర్ దాకా గడువిచ్చారు, అదీ అయిపోయింది. ఆ రోజుల్లో మీరు గానీ, ఇంట్లో ఎవరైనా గానీ దింపి పెట్టారేమో, పాత హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో 'టేకౌట్' అన్న పేరుతో వెతకండి. గూగుల్ ప్లస్‌లో రాసుకున్నవాళ్ళదీ ఇదే కథ, అది 2019 ఏప్రిల్ 2న మూతపడింది. అలాంటి పబ్లిక్ పేజీలు కొన్ని పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మిగిలి ఉండొచ్చు. పేజీ చిరునామా మీ దగ్గరుంటేనే అక్కడ వెతకడం వీలవుతుంది. లాగిన్ అయితే తప్ప కనబడని స్క్రాప్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

మీ స్నేహితురాళ్ళను అడిగారా? ఒకరి దగ్గర లేనిది ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉండొచ్చు.

*

ప్రశ్న: అక్కా, మా అమ్మ పోయి మూడేళ్ళయింది. 2013లో నాకు మొదటి ఉద్యోగం వచ్చిందని ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు కింద అమ్మ ఒక కామెంట్ రాసింది. తనకి టైపు చేయడం రాదు. పక్కింటి అమ్మాయి నేర్పితే ఒక్కో అక్షరం వెతుక్కుని రాసిందట. ఏం రాసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నా డేటా మొత్తం దింపాను. అందులో నా పోస్టు ఉంది, అమ్మ మాట లేదు. అది కూడా పోయిందా అక్కా?

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం చదివాక కాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ముందు భయం తీరుస్తాను. దింపుకున్న ఫైల్లో లేనంత మాత్రాన పోయినట్టు కాదు. ఆ ఫైలు నువ్వు రాసినదే ఇస్తుంది. నీ పోస్టు కింద ఇతరులు రాసిన కామెంట్లు ఇవ్వదు. అమ్మ కామెంట్ అమ్మ అకౌంటుకు చెందినది. అది కనబడే చోటు ఆ పోస్టు కిందే. ఫైల్లో నీ పోస్టు దొరికింది కదా, దాని పైన తేదీ ఉంటుంది. ఆ నెలా సంవత్సరం ఇచ్చి, మాష్టారికి చెప్పినట్టు ప్రొఫైల్ ఫిల్టర్‌తో వెళ్ళు. పోస్టు తెరుచుకుంటుంది.

అక్కడ ఆగి ఒకటి చూడు. కామెంట్ల పైన 'మోస్ట్ రెలెవెంట్' అని ఉంటుంది. అంటే ఫేస్‌బుక్‌కి ముఖ్యమనిపించినవే ముందు చూపిస్తుంది, మిగతావి దాచేస్తుంది. అమ్మ కామెంట్‌కి లైకులు లేకపోతే దాన్ని కిందికి తోసేసి ఉంటుంది. దాని మీద నొక్కి 'ఆల్ కామెంట్స్' అని మార్చు. ఎవరికో జవాబుగా రాసిందేమో, 'వ్యూ రిప్లైస్' అన్నవి కూడా ఒక్కొక్కటి విప్పు.

అమ్మ అకౌంటు ఏమయిందో నువ్వు రాయలేదు. ఎవరూ ముట్టుకోకపోతే, లేదా జ్ఞాపకార్థం 'రిమెంబరింగ్' అని మార్చి ఉంటే, కామెంట్ అక్కడే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా అకౌంటు పూర్తిగా తీయించేసి ఉంటే దాంతో పాటు కామెంట్లు కూడా పోతాయి. నాన్ననో, అన్ననో అడుగు. ఇంకా తీయించకపోతే తీయించొద్దని ఈరోజే చెప్పు. ఇది చదువుతున్న మిగతావాళ్ళకి కూడా ఇదే నా మనవి. పోయినవాళ్ళ పేరు మాటిమాటికీ కనబడుతుంటే బాధగా ఉందని తొందరపడి అకౌంటు మూయించకండి. వాళ్ళు మన పోస్టుల కింద రాసినవన్నీ కూడా పోతాయి. మన తర్వాత మన అకౌంటు చూసుకోవడానికి, బతికుండగానే సెట్టింగ్స్‌లో 'లెగసీ కాంటాక్ట్'గా ఒకరిని పెట్టుకునే వీలు 2015 నుంచీ ఉంది.

పోస్టు కింద దొరకలేదనుకో. అప్పుడు కూడా ఇంకో తలుపుంది. చాలామందికి ఇది తట్టదు. ఆ రోజుల్లో మన పోస్టు మీద ఎవరు కామెంట్ చేసినా ఫేస్‌బుక్ నుంచి ఈమెయిల్ వచ్చేది, కామెంట్ మాటలతో సహా. మనం విసుక్కుని చూడకుండా వదిలేసేవాళ్ళం. అప్పటి నీ మెయిల్ అకౌంటులోకి వెళ్ళి అమ్మ పేరు, ఫేస్‌బుక్ అన్న మాట కలిపి వెతుకు. 2013లో ఆ వారం తేదీలు ఇచ్చి సోషల్ ఫోల్డర్‌లో కూడా చూడు. నాన్నగారి గురించి నేను పెట్టిన పోస్టుల కింద మా పెదనాన్న రాసిన మాటలు నాకు అలాగే దొరికాయి. ఆయన అకౌంటు ఎప్పుడో తీసేశారు. మెయిల్లో మాత్రం 'ధైర్యంగా ఉండమ్మా, నేను బయల్దేరుతున్నా' అని అలాగే ఉంది, రాత్రి పదకొండు నలభైకి పంపిన టైముతో సహా.

దొరికాక కంప్యూటర్లో తెరువు. కామెంట్ కింద ఎన్నేళ్ళయిందో మాత్రమే చూపిస్తుంది. దాని మీద మౌస్ ఆనిస్తే రోజు, గంట, నిమిషం కనిపిస్తాయి. అది కనబడుతుండగా స్క్రీన్‌షాట్ తీసుకో. నీ పోస్టు, ఆ రోజు అభినందించిన మిగతావాళ్ళ మాటలు కూడా వచ్చేలా పేజీ మొత్తం పీడీఎఫ్‌గా దాచుకో. అందరి మధ్య అమ్మ మాట ఎక్కడుందో కూడా కనబడాలి కదా. ఒకటి ఫోనులో, ఒకటి పెన్ డ్రైవ్‌లో, ఒకటి కాగితం మీద ఉంచుకో. పక్కింటి అమ్మాయి ఎక్కడుందో తెలిస్తే ఆమెకీ ఒక కాపీ పంపు. ఆ రోజు అమ్మ పక్కన కూర్చున్నది ఆమె. అమ్మ ఏ అక్షరం దగ్గర తడుముకుందో, రాశాక ఏమందో ఆమెనే అడగాలి.

*

ప్రశ్న: పాత ఫేస్‌బుక్ అకౌంటులోకి వెళ్ళలేకపోతున్నాను. పాస్‌వర్డు మర్చిపోయాను, అప్పటి ఫోన్ నంబరు ఇప్పుడు లేదు. డబ్బిస్తే తెరిచి ఇస్తామని ఒకరు మెసేజ్ చేస్తున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. వాళ్ళు తెరవలేరు, మీ డబ్బు తీసుకుంటారు, ఉన్న అకౌంటు కూడా గుంజుకుంటారు. ఆ పాత అకౌంటు ఎప్పుడైనా తెరిచిన కంప్యూటర్ గానీ, పాత ఫోను గానీ ఇంట్లో ఉంటే ఛార్జింగ్ పెట్టి, అందులోంచే 'ఫర్గాటెన్ పాస్‌వర్డ్' నొక్కి ప్రయత్నించండి. తెలిసిన పరికరం నుంచి అడిగితే ఫేస్‌బుక్ గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. అప్పట్లో ఇచ్చిన ఈమెయిల్ ఏదో గుర్తుతెచ్చుకోండి, ముందు దాన్ని తెరవడం తేలికేమో చూడండి. లోపలికి వెళ్ళగానే మొదట నంబరు మార్చండి, తర్వాతే పాత పోస్టులు చూసుకోండి.

*

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో సర్దుతూ సర్దుతూ మా బాబు మొదటి పుట్టినరోజు ఫొటోలు పదకొండు డిలీట్ చేసేశాను. ఫోనులో కూడా లేవు. ఎనిమిది రోజులైంది. ఏడుపు ఆగడం లేదు.

జవాబు: ఈ ఉత్తరం పత్రికలో వచ్చేదాకా ఆగితే గడువు దాటిపోతుందని అందిన రోజే మీకు మెయిల్ చేశాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో డిలీట్ చేసిన పోస్టులు 'యువర్ యాక్టివిటీ'లో 'రీసెంట్లీ డిలీటెడ్' అన్నచోట 30 రోజులు ఉంటాయి. అక్కడ 'రిస్టోర్' నొక్కితే మళ్ళీ మీ ప్రొఫైల్లోకి వస్తాయి. ఆర్కైవ్ చేయని స్టోరీలకైతే 24 గంటలే వ్యవధి. ఫేస్‌బుక్‌లో కూడా 'ట్రాష్'లో 30 రోజులు ఉంటాయి. చెరపకుండా కళ్ళముందు లేకుండా చేయాలంటే డిలీట్ బదులు 'ఆర్కైవ్' నొక్కండి, దానికి గడువు లేదు.

ఫొటోలు పదకొండూ వచ్చేశాయని, బాబు చొక్కా గుండీ ఊడి ఉన్న ఫొటో కూడా ఉందని నిన్న మెసేజ్ పెట్టారు. చాలా సంతోషం.